గంగాధరప్ప నడక

సీరియల్ నటుడు హిందూపురం గంగాధరప్ప చనిపోయాడని సాయినాథ్‌కు చెప్పింది సీరియల్ కంపెనీ మేనేజరు. ఇంట్లో నిద్రలోనే పోయాడట, గుండె ఆగిపోయిందట. ఆ నాలుగు ముక్కలూ ఫోనులో గబగబా చెప్పేసి, అయ్యో అనడానికి కూడా సందివ్వకుండా, నీ చొక్కా కొలతెంత అని అడిగాడు.

సాయినాథ్ అప్పుడు ధర్మవరంలో తన ఇంటి అరుగు మీద నిలబడి ఉన్నాడు. లోపల తండ్రి భాస్కరయ్య మగ్గం ఆడుతోంది. అడిగిందేమిటో అర్థం కాకుండానే కొలత చెప్పేశాడు. ఫోను పెట్టేశాక అర్థమైంది, గంగాధరప్ప వేషం ఇక తనదని. అరుగు మీదే కూర్చున్నాడు. ఏళ్ల తరబడి ఎదురుచూసిన వేషం అది. వచ్చిన దారి మాత్రం ఇది.

అతను పట్టుచీరలు నేసే ఇంట్లో పుట్టాడు. ముప్పై దాటేదాకా గుంటమగ్గంలో కూర్చున్నవాడే. నటన మీద పిచ్చి మాత్రం చిన్నప్పటినుంచీ ఉంది. పెళ్లయి ఇద్దరు పిల్లలు పుట్టాక, స్నేహితుడు భరత్ ఫోను పట్టుకుంటే, ఆదివారాలు పెనుకొండ కోటగోడల దగ్గర నవ్వులాట వీడియోలు తీసేవాళ్లు. పిసినారి మామగా, కోపిష్టి కండక్టరుగా, అచ్చం మన యాసలో సాయినాథ్ చేసిన ఆ వేషాలు గోరంట్ల బస్సుల్లో కూడా జనం చూసి నవ్వుకునేవాళ్లు. అవి చూసే హైదరాబాదు నుంచి నటులను కుదిర్చే ఒక కోఆర్డినేటర్ పిలిచాడు. సీమ యాస వచ్చిన మనిషి కావాలన్నాడు.

సీమ యాస వచ్చిన మనిషంటే, ఫ్యాక్షన్ నాయకుడి వెనక కత్తి పట్టుకుని నిలబడే మనిషని అక్కడికి వెళ్లాకే తెలిసింది. ఆరేడేళ్లు ఆ కత్తి పట్టుకున్నాడు. ఎన్నో సినిమాల్లో చచ్చిపోయాను, ఒక్కదాంట్లోనూ నోరు తెరవలేదు అని తనే నవ్వుతూ చెప్పేవాడు. భార్య సుమ ఇంట్లోనే చీరల ఫోటోలు తీసి, ఫోనులో బేరాలు మాట్లాడి అమ్ముతూ ఇల్లు నెట్టుకొచ్చేది. వెళ్లొద్దని ఆమె ఏనాడూ అనలేదు. ఈసారైనా మాట ఉందా అని మాత్రం అడిగేది.

గంగాధరప్పను అతను కలిసింది ఒక్కసారే. రోజూ సాయంత్రం ఏడు గంటలకు వచ్చే సీరియల్లో ఆయన సుబ్బరాయుడనే ఇంటిపెద్ద. సాయినాథ్ ఆరోజు తాలూకాఫీసు బంట్రోతు. మధ్యాహ్నం అన్నాల వేళ, సొంత జిల్లా మనిషని తెలిసి, ఆయన పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి సగం ఇతని ప్లేటులో పెట్టాడు. తినేటప్పుడు ఒక మాట చెప్పాడు. మీసం తీసేసి ఫోటోలు దిగి అందరికీ పంపు, నీ చేతిలో కత్తిని వాళ్లే తీసేస్తారు అని. సాయినాథ్ అలాగే చేశాడు. ఆ తర్వాత గుమాస్తా, పూజారి, పెళ్లికూతురి మేనమామ లాంటి వేషాలు రావడం మొదలయ్యాయి. రెండు ముక్కలైనా మాట్లాడే వేషాలు. ఆయనకు ఫోను చేసి ఆ సంగతి చెప్పాలని చాలాసార్లు అనుకున్నాడు. చెప్పలేదు. ఇప్పుడు ఆయన చొక్కాలు తొడుక్కోవడానికి రైలెక్కాడు.

హైదరాబాదు చివర పెద్ద బంగళాలో షూటింగు. చొక్కాలు ఒక రేకుపెట్టెలో ఉన్నాయి. కాలరు లోపలివైపు నల్ల సిరాతో సుబ్బరాయుడు అని రాసి ఉంది. బట్టలాయన రెండుసార్లు ఉతికించానని, అడగకముందే చెప్పాడు. భుజాల దగ్గర కొంచెం వదులైతే వీపు మీద పిన్నులు పెట్టి బిగించాడు. డైరెక్టరు వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. కొత్తగా ఏమీ చెయ్యొద్దనీ, జనం ఇంకా ఆయన్నే చూడాలనీ అన్నాడు. వారం పాటు సాయినాథ్ పాత భాగాలన్నీ ఫోనులో చూసి వచ్చాడు. గంగాధరప్ప ఎడమకాలు ఒక్క క్షణం ఆలస్యంగా వేస్తాడు, దాన్ని నేల మీద కొంచెం ఈడుస్తాడు. మాట మధ్యలో ఆగుతాడు. ఆ ఆగడంలోనే ఉంది ఆయన గొప్పంతా. ఏదో పెద్ద దుఃఖాన్ని మింగి తర్వాతి మాట అంటున్నట్లు ఉంటుంది. ఆ ఆగే చోటు కోసమే ఆడవాళ్లు కళ్లు తుడుచుకుంటూ చూసేవాళ్లు.

మొదటి షాట్ తేలికైనదే. ఊరినుంచి తిరిగి వచ్చిన సుబ్బరాయుడు గేటు తీసుకుని లోపలికి వస్తాడు. కూతురు పరుగున వచ్చి చుట్టుకుంటుంది. కూతురి వేషం వేసే ప్రత్యూష చిన్నపిల్ల, మూడేళ్లుగా గంగాధరప్ప పక్కనే అన్నం తిన్నది. పరుగెత్తుకు వచ్చింది, వచ్చి జానెడు దూరంలో ఆగిపోయింది. క్షమించమని మళ్లీ వచ్చింది, మళ్లీ అక్కడే ఆగింది. డైరెక్టరు విసుక్కున్నాడు. లైట్లు సర్దారు. ఈసారి సాయినాథ్ గేటు దాటి వస్తూ ఎడమకాలు ఈడ్చాడు. ఆమె ముఖంలోకి చూసి, "అమ్మా" అని, ఆగి, ఊపిరి లోపలికి తీసుకుని, "తింటివా?" అన్నాడు. ఆ పిల్ల అతని రొమ్ము మీద పడి బావురుమంది. రాసిచ్చిన మాట ఒక్కటీ చెప్పలేకపోయింది. డైరెక్టరు కట్ చెప్పకుండా అలాగే తీసుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు.

ఆ పిల్ల మేకప్ గదిలోకి వెళ్లి చాలాసేపు రాలేదు. వచ్చాక సాయినాథ్ దగ్గర నిలబడి, షాట్ లేనప్పుడు అలా మాట్లాడొద్దని మెల్లగా బతిమాలింది. అతను సరేనన్నాడు. అలా మాట్లాడుతున్నానని అతనికి తెలియదు.

జనం ఒప్పుకున్నారు. ముఖం మారిందని వారం పది రోజులు గొణిగి, తర్వాత మరిచిపోయారు. సాయినాథ్ ధర్మవరం వీధిలో నడిస్తే సుబ్బరాయుడు పోతాండాడని పిల్లలు వెంటపడేవాళ్లు. చీరలంగడి వాళ్లు పిలిచి కాఫీ ఇచ్చేవాళ్లు. ఒకప్పుడు ఎదురొస్తే ముఖం తిప్పుకున్న బంధువులు ఇంటికి వచ్చి ఫోటోలు దిగారు. ఇన్నేళ్లకు కొడుకు పేరు పైకొచ్చిందని తల్లి లక్ష్మీదేవమ్మ కదిరి నరసింహునికి మొక్కు తీర్చుకొచ్చింది. అతనికీ సంతోషంగానే ఉంది. లేదని అనలేం.

ఒకసారి నాలుగు రోజులు సెలవిస్తే ఇంటికి వచ్చాడు. మధ్యాహ్నపు ఎండ. భాస్కరయ్య మగ్గం గుంటలో, వీధివాకిలికి వీపు పెట్టి నేస్తున్నాడు. ఆయనకు నలభై ఏళ్లుగా ఒక అలవాటు ఉంది. తల తిప్పకుండా, అడుగుల చప్పుడును బట్టే వచ్చిందెవరో చెప్పేవాడు. కోడలైతే కోడలని, పాలావిడైతే పాలావిడని. సాయినాథ్ చెప్పులు విప్పి లోపలికి వచ్చాడు. మగ్గం ఆగింది.

"ఎవురప్పా అది? ఎవురు గావాల?" అన్నాడు ముసలాయన, వెనక్కి తిరగకుండానే.

"నేనే నాయనా."

భాస్కరయ్య తిరిగి చూశాడు. కొడుకు ముఖం చూసి, తర్వాత కాళ్లవైపు చూశాడు. కాలికేమైందని అడిగాడు. ఏమీ కాలేదన్నాడు సాయినాథ్. ముసలాయన మళ్లీ నేతలో పడ్డాడు గానీ, ఆ సాయంత్రమంతా కొడుకు అటూ ఇటూ తిరుగుతుంటే చెవి అటే పెట్టి ఉన్నాడు. అన్నాలప్పుడు సుమ కూడా అదే మాట మరోలా అంది. మాట మధ్యలో ఆగుతాండావు, నువ్వు మళ్లీ మొదలుపెట్టేదాకా నాకు గుండె దడదడమంటాంది అని. అతను నవ్వేశాడు. పనిలో పడితే అంతే, వేషం ఒంటికి పడుతుందన్నాడు. చెబుతూ చెబుతూనే మధ్యలో ఆగాడు.

ఆ మర్నాడే హిందూపురం నుంచి ఫోను వచ్చింది.

"ఏమప్పా, గంగాధరప్ప ఇంటామెను మాట్లాడ్తాండా. తీరికుంటే ఒకసారి అంగడికాడికి వచ్చిపోతావా?"

భర్తను అనుకరిస్తున్నందుకు యశోద తిడుతుందనే అనుకుని బయల్దేరాడు. తిట్టినా పడదామనుకున్నాడు. ఆమె స్టీలు సామాన్ల అంగడి నడుపుతుంది. మామగారి నాటిది. గంగాధరప్ప షూటింగులకు పోతే గల్లా మీద కూర్చునేది ఆమే. సాయినాథ్ బస్సు దిగి బజారు వెంట నడుస్తుంటే, అంగడిలోంచి ఆమె చూసింది. ఎదురుగా ఉన్న కన్నడ బేరగాళ్లతో మాట్లాడుతున్నది మాట్లాడుతున్నట్లే ఆపి, గల్లాపెట్టె అంచు రెండు చేతులా పట్టుకుంది. అతను గడప దాకా వచ్చేసరికి ఆమె గల్లా వదిలి లేచింది. బేరగాళ్లను పని మనిషికి అప్పగించి, లోపల సామాన్లు పెట్టే గదిలో స్టూలు వేయించింది. మంచినీళ్లిచ్చింది.

"నువ్వు నడిచొస్తాంటే చూస్తి" అంది. "బజార్లో గూడా అట్లే నడుస్తాండావే. ఈడ కెమెరా యాడుండాది?"

పొరపాటైంటే క్షమించు వదినా అన్నాడు. అన్నను అవమానించాలని కాదనీ, ఆయన చేసినట్లు చేస్తేనే ఆయన పేరు నిలబడుతుందని చేశాననీ చెప్పుకొచ్చాడు. ఆమె అతన్ని చివరిదాకా చెప్పనిచ్చింది.

"ఆ కాలు ఆయప్ప యాక్టింగనుకుంటివా?" అంది. "రెండేండ్లాయ అది వాయబట్టి. సాయంత్రానికి చెప్పు పట్టేది గాదు. మాట నడుమ ఆగుతాండెనే, అది ఊపిరి అందక. డైరెక్టరు శానా బాగుందన్యాడని ఇంటికొచ్చి నవ్వుతా చెప్పినాడు. ఆస్పత్రికి పోదాం రా అంటే, నేను పండుకుంటే ఆ వేషానికి ఇంగొకన్ని పెట్టుకుంటారే అనె."

బయట ఎవరో గిన్నెల మీద వేళ్లతో కొట్టి చూస్తున్నారు. ఆ మోత గదిలోకి వస్తోంది. సాయినాథ్ చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. వారం రోజులు ఫోను ముందు కూర్చుని తను నేర్చుకున్నదేమిటో అప్పుడు తెలిసింది. నటన కాదది. ఒక మనిషి చావు నెమ్మదిగా దగ్గరికి వస్తున్న తీరు. దాన్ని వెంట్రుకవాసి తేడా లేకుండా తన ఒంట్లోకి ఎక్కించుకున్నాడు. చప్పట్లు కొట్టించుకున్నాడు.

"నీకేం తెలుసులే. నిన్ను బేజారు చెయ్యల్లని పిలవలే" అంది యశోద. "అంగడికి వచ్చినోళ్లంతా నిన్న మీ ఆయప్ప బాగా ఏడిపిచ్చినాడు అంటారు. ఊరకుంటా. కానీ దినామూ ఏడు గంటలకు ఆ ఆయాసం ఇంగొగరి వొంట్లో చూస్తాండా. నీకు పెండ్లాం బిడ్డలుండారు. దాన్ని యాడన్నా వదిలెయ్యి నాయనా."

వదిలేస్తానని మాటిచ్చాడు. ఇంటికి వచ్చి జరిగింది చెబితే, సుమ ఆ పూటే డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది. గుండె చూశారు, కాళ్లు నొక్కి చూశారు, రక్తం తీశారు. ఏమీ లేదన్నారు. అంత గట్టి మనిషి ఈ వయసులో అరుదన్నారు. బయటికి వచ్చి మెట్లు దిగుతుంటే ఎడమకాలు మళ్లీ ఆలస్యంగానే పడింది. సుమ చూసింది. ఏమీ అనకుండా అతని చెయ్యి పట్టుకుని మిగతా మెట్లు దింపింది.

షూటింగులో మామూలుగా నడవాలని, మాట ఆపకుండా చెప్పాలని పట్టుబట్టి చేశాడు. డైరెక్టరు రెండు షాట్లు చూసి కెమెరా వెనకనుంచి లేచి వచ్చాడు.

"ఏంటి సాయినాథ్, ఇవాళ సుబ్బరాయుడు రాలేదేంటి?"

మళ్లీ చెయ్యమన్నాడు. సుబ్బరాయుడు వచ్చేదాకా చేయించాడు.

అప్పుడతను సీరియల్‌కు మాటలు రాసే సుచిత్ర దగ్గరికి వెళ్లాడు. ఆమె రోజూ ఒక మూల కుర్చీలో లాప్‌టాప్ పెట్టుకుని, మర్నాటి మాటలు ఈరోజు రాస్తూ ఉంటుంది. సెట్లో ఎవరికీ చెప్పని సంగతి ఆమెకు చెప్పాడు. సుబ్బరాయుడికి జబ్బుందని కథలోనే ఒప్పుకోండి, ఆస్పత్రిలో చేర్పించండి, నయం చేసి పంపండి, ఆ తర్వాత నేను మామూలుగా నడుస్తాను అన్నాడు. సుచిత్ర లాప్‌టాప్ మూసింది. గంగాధరప్పగారు ఆ ఆపే మాటలు నన్ను అడిగి రాయించుకునేవారు, చిన్న చిన్న వాక్యాలు ఇవ్వమ్మా అనేవారు అని చెప్పింది. ఎందుకో ఇప్పుడు తెలిసిందంది. డైరెక్టరు దగ్గరికి ఆమే వెళ్లింది. ఆస్పత్రి కథంటే చూసేవాళ్లు పెరుగుతారు కాబట్టి ఆయన వెంటనే ఒప్పుకున్నాడు.

వారాల తరబడి సుబ్బరాయుడు మంచం మీద ఉన్నాడు. ఊళ్లలో జనం మొక్కుకున్నారు. కూతురు డాక్టరు కాళ్ల మీద పడింది. సమయానికి తీసుకొచ్చారు కాబట్టి బతికాడని తెర మీద డాక్టరు చెప్పిన సాయంత్రం సాయినాథ్ ఫోను మోగింది. చేసింది యశోద. టీవీ మోత వినిపిస్తోంది.

"ఇంత సులభమా అప్పా" అంది. అంతే, పెట్టేసింది.

మేలు చేశాననుకున్నవాడు ఆ రాత్రి అన్నం ముట్టలేదు. బతికించి చూపించడం చంపి చూపించడం కంటే పెద్ద దెబ్బ అవుతుందని అతనికి తట్టలేదు. ఆ రోజునుంచి యశోద సీరియల్ చూడటం మానేసిందని, ఏడు కాగానే అంగడి రేడియో పెద్దగా పెడుతుందని హిందూపురం వాళ్లు చెప్పారు.

మంచం దిగి తలుపు దాకా తిన్నగా నడిచే షాట్ మర్నాడే పెట్టారు. సాయినాథ్ లేచాడు. నడవలేకపోయాడు. కాళ్లు బాగానే ఉన్నాయి, ఈడ్చడం కూడా లేదు. ఎలా నడవాలో తెలియలేదు. తనకొక నడక ఉండేదని తెలుసు, అది ఎలా ఉండేదో గుర్తుకు రాలేదు. కొంచెం సమయం అడిగి, బయట జనరేటర్ బండి పక్కన నిలబడి, ఫోనులో పెనుకొండ వీడియోలు వెతికాడు. కోటగోడ పక్కన పిసినారి మామ చంకలో గొడుగు పెట్టుకుని వస్తున్నాడు. పాదాలు బయటికి తిప్పి, గబగబా, మగ్గం తొక్కుడు కర్రల మీద కాళ్లు ఆడించిన నేతగాడి నడక. గంగాధరప్ప నడకను ఎలా చూసి నేర్చుకున్నాడో అలాగే తన నడకను మళ్లీ మళ్లీ చూసి నేర్చుకున్నాడు. లోపలికి వెళ్లి అలా నడిచాడు. బాగుందన్నారు. అతనికి మాత్రం ఎవరో చనిపోయిన మనిషిని అనుకరిస్తున్నట్లే ఉంది.

కోలుకున్న సుబ్బరాయుడు జనానికి నచ్చలేదు. మునుపటి బరువు లేదన్నారు. కాలు కొంచెం, కొంచెమంటే కొంచెం, మళ్లీ ఈడ్చమని డైరెక్టరు అడిగాడు. సాయినాథ్ చెయ్యనన్నాడు. అతని వృత్తిలో అతను కాదన్నది అదొక్కటే. కొన్నాళ్లకు సుబ్బరాయుణ్ని కాశీకి పంపించేశారు. కథలో ఆయన మళ్లీ తిరిగి రాలేదు. చివరి రోజు ప్రత్యూష వచ్చి అతని పాదాలు తాకింది. మీకు నేను ఎప్పుడూ సరిగ్గా నమస్కారం పెట్టలేదు, ఆయనకే పెట్టాను అంది.

వేషం పోయినా పేరు మిగిలింది. ఒక చిన్న సినిమాలో తలుపుల అనే ఊరి దగ్గరి పల్లెలో ఉండే బడిపంతులు వేషం ఇచ్చారు. అతని జీవితంలో నిండుగా మాటలున్న మొదటి సినిమా అది. ఎవరినీ చూసి నేర్చుకోలేదు, తనకు తోచినట్లు చేశాడు. చదువు మానేస్తున్న పిల్లకు పుస్తకాలు ఇచ్చే ఘట్టం అయ్యాక, యువ దర్శకుడు పరుగున వచ్చి చేతులు పట్టుకున్నాడు. ఆ మాట మధ్యలో ఆగారే, అది కాగితంలో లేదు సార్, అదే సినిమాకు ప్రాణం అన్నాడు.

తను ఆగాడని సాయినాథ్‌కు తెలియదు. మళ్లీ చేస్తానన్నాడు. ఆగకుండా చేశాడు. ఇంకోసారి చేశాడు. దర్శకుడు మర్యాదగా తల ఊపాడు గానీ, సినిమాలో పెట్టింది మొదటిదే. సెట్లో మానిటర్ మీద అది చూపించినప్పుడు సాయినాథ్ కళ్లారా చూసుకున్నాడు. ముఖం తనది, గొంతు తనది. ఆ ఊపిరి తనది కాదు.

సినిమా విడుదలయ్యే ముందు యశోదకు ఫోను చేశాడు. ఎన్ని నెలలైందో మాట్లాడి. కుశలాలు అడిగి, తటపటాయించి, అసలు సంగతి చెప్పాడు. వదిలేస్తానని మాటిచ్చాననీ, పోయిందనే అనుకున్నాననీ, పోలేదనీ చెప్పాడు.

"వదినా, హిందూపురంలో ఈ సినిమా ఆడితే నువ్వు పోవద్దు. మాట ఇచ్చి తప్పినోన్నయితి."

అవతల గిన్నెలు సర్దుతున్న చప్పుడు ఆగింది.

"ఏ తావున వస్తాది అది?" అని అడిగింది యశోద.

చివర్లో, పిల్లకు పుస్తకాలిచ్చే చోట అన్నాడు.

"పోతాలే" అంది ఆమె. "శానా దినాలాయ విని."

ఆ సినిమా హిందూపురంలో వారం ఆడింది. ఆమె వెళ్లిందో లేదో సాయినాథ్ అడగలేదు, ఆమె చెప్పలేదు. అతనికి ఇప్పుడు పని బాగానే ఉంది. తాతలు, పంతుళ్లు, మంచి మనసున్న పెద్దమనుషులు వరసగా వస్తున్నారు. ధర్మవరం స్టేషన్లో రైలెక్కేటప్పుడు సుమ పెట్టె అందించి, పిల్లల సంగతేదో అడుగుతుంది. అతను జవాబు మొదలుపెట్టి నడుమ ఆగుతాడు. ఆమె తొందరపెట్టదు. రెండో మాట వచ్చేదాకా కిటికీ ఊచ పట్టుకుని అలాగే నిలబడుతుంది.